మొహమాటానికి ఇచ్చిన రంపం

అరువిచ్చిన పనిముట్టు పాడై తిరిగొస్తే మనవాళ్ళు వెంటనే అనే మాట ఒకటుంది: పరాయి సొమ్మంటే ఎవరికి లెక్క? ఒడిశాలోని గుణుపురంలో వడ్రంగి దుకాణం పెట్టుకుని బతుకుతున్న నేను ఈ మాట ఒప్పుకోను. నా దగ్గర నుంచి వెళ్ళిన వస్తువుల్లో లెక్కలేనితనం వల్ల పాడైనవి తక్కువ, మొహమాటం వల్ల పాడైనవే ఎక్కువ. ఆ మొహమాటం తీసుకున్నవాళ్ళలో ఎంత ఉందో ఇచ్చినవాళ్ళలోనూ అంతే ఉంది. ఇచ్చేటప్పుడు రెండు ముక్కలు చెప్పడానికి మనకు నోరు రాదు. తిరిగి ఇచ్చేటప్పుడు జరిగింది చెప్పడానికి వాళ్ళకు నోరు రాదు. మధ్యలో రంపం పోతుంది.

రంపం సంగతే చూడండి. దాని పళ్ళు తిన్నగా ఒకే వరుసలో ఉండవు. ఒకటి కాస్త కుడికి, పక్కది కాస్త ఎడమకు వంగి ఉంటాయి. అలా ఉంటేనే కోసిన గాడి రేకు మందం కంటే కొంచెం వెడల్పుగా వస్తుంది, రేకు ఇరుక్కోకుండా ఆడుతుంది. ఆ వంపు పోయిన రంపం పచ్చి కర్రలో రెండు అంగుళాలు దిగగానే పట్టేస్తుంది. పట్టేసింది కదా అని బలం పెడితే రేకు మెలితిరుగుతుంది. పాత ద్వారబంధం కోయడానికి తీసుకువెళ్తే మరో గండం: లోపల ఎక్కడో తుప్పు పట్టిన మేకు ఉంటుంది. రంపం దానికి తగిలినప్పుడు కీచుమని చిన్న చప్పుడు వస్తుంది. కోసేవాడు ఒక్క క్షణం ఆగి, ఏమీ కనిపించక మళ్ళీ కోస్తాడు. ఆ క్షణంలోనే నాలుగైదు పళ్ళ మొనలు ఎగిరిపోయాయి. దూరం నుంచి చూస్తే రంపం రంపంలాగే ఉంటుంది. పళ్ళ మీద వేలు ఆడించి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. బాగు చేయాలంటే ముందు పళ్ళన్నీ విరిగిన వాటి ఎత్తుకు అరగదీయాలి, తర్వాత ఒక్కొక్కదాన్నీ వంచాలి, ఆ తర్వాత మూడుమూలల ఆకురాయితో ప్రతి పంటి సందునూ రుద్దాలి. పొద్దుటి మంచి వెలుతురంతా దానికే పోతుంది.

ఇది తెలియని మనిషి దృష్టిలో అతను నా రంపాన్ని పాడు చేయలేదు. పని చేసుకుని, తుడిచి, తెచ్చి ఇచ్చాడు. అతని తప్పేమిటి?

ఉలి విషయంలో ఇంకా విచిత్రంగా జరుగుతుంది. మా పక్కన మోటారు సైకిళ్ళు బాగుచేసే ఒడియా ఆయన ఉన్నారు, నేను భాయినా, అంటే అన్నయ్యా అని పిలుస్తాను. మనిషి నిక్కచ్చి, తీసుకున్నది మాట ప్రకారం ఇస్తారు. ఒకసారి తలుపు బందు బిగించుకోవడానికి నా ముప్పావు అంగుళం ఉలి తీసుకువెళ్ళారు. పని అయ్యాక, ఊరికే ఇచ్చినవాడికి మొద్దుబారిన ఉలి ఇవ్వడం బాగుండదని తన దుకాణంలోని మిషను మీద పదును పెట్టి మరీ తెచ్చారు. అంచు తళతళలాడుతోంది, దాని వెనక అర అంగుళం మేర నీలిరంగు తిరిగి ఉంది. చేతి ఉలి ఉక్కును ఒక స్థాయి వరకు వేడి చేసి గట్టితనాన్ని అదుపులో పెడతారు. తిరిగే సానరాయి మీద నీళ్ళు ముంచకుండా ఒత్తిపడితే ఆ వేడి 300 డిగ్రీల దగ్గరకు పోతుంది, ఉక్కు నీలంగా మారుతుంది, మెత్తబడుతుంది. ఆ తర్వాత ఎంత పదును పెట్టినా టేకులో నాలుగు దెబ్బలు వేయగానే అంచు మడత పడుతుంది. నీలం ఉన్నంత మేర అరగదీసి పారేయాలి. వాలు కూడా 25, 30 డిగ్రీల మధ్య మళ్ళీ తీర్చాలి. అంటే మంచితనం నా ఉలిని అర అంగుళం తినేసింది. ఆయన ఏమీ పట్టనట్టు మొద్దుబారిన ఉలినే తెచ్చి నా ముందు పడేసి ఉంటే సానరాయి మీద పది నిమిషాల పని.

భాయినాకు పరాయి సొమ్మంటే లెక్కలేదని ఎవరైనా అనగలరా? ఆయనకు లేనిది లెక్క కాదు, "పదును నేను పెట్టుకుంటాను, మీరు ముట్టుకోవద్దు" అన్న ఒక్క వాక్యం. ఆ వాక్యం పుట్టాల్సింది ఇచ్చేవాడి నోట్లో. పనిముట్టులో కంటికి కనిపించే ఇనుము ఒక పాలు, కనిపించని అమరిక మూడు పాళ్ళు. మనం ఇనుమే చేతిలో పెడతాం. అమరిక గురించి చెబితే ఎక్కడ చిన్నబుచ్చుకుంటారోనని నోరు కట్టుకుంటాం.

తిరిగి వచ్చే తీరు చూస్తే మొహమాటం రెండో ముఖం కనిపిస్తుంది. తీసుకువెళ్ళేటప్పుడు మనిషి స్వయంగా వస్తాడు, కూర్చుంటాడు, పిల్లల చదువులు అడుగుతాడు. ఏ తేడా రాకపోతే తిరిగి ఇవ్వడానికీ తనే వస్తాడు. ఏదైనా విరిగితే మాత్రం వాళ్ళ అబ్బాయి వస్తాడు, అదీ నేను దుకాణంలో లేని వేళ చూసి. సాయంత్రం వచ్చేసరికి, చెక్క నునుపు చేసే చిత్రిక గోడ వారగా నిలబెట్టి ఉంటుంది. ఎవరు తెచ్చారో మా తమ్ముడికి తెలుసు, ఏమైందో ఎవరికీ తెలియదు. తెలిసేది మర్నాడు చెక్క మీద పెట్టి తోసినప్పుడు. మన తెలుగువాళ్ళ జబ్బే అనుకుంటారేమో. మా వీధిలో సగం ఇళ్ళు ఒడియావాళ్ళవి, ఈ విద్యలో వాళ్ళూ మనకు తీసిపోరు.

మా తమ్ముడిది మరో మార్గం. అసలు ఇవ్వకూడదంటాడు. కానీ ఇవ్వనని చెప్పడు. "అది పాడై ఉందండీ" అంటాడు. అడిగినాయన తలూపి వెళ్తాడు. మధ్యాహ్నం దారిన పోతూ అదే డ్రిల్లు మోగడం వింటాడు. దీనికంటే కాదని మొహం మీద చెప్పడం మర్యాద.

తమ్ముడికి వత్తాసుగా శాస్త్రాలు కూడా ఉన్నాయి. పుస్తకం, వనిత, విత్తం పరుల చేతికి వెళ్తే వెళ్ళినట్టే, ఒకవేళ వచ్చినా నలిగి, చెడి, ముక్కలై వస్తాయని పాత శ్లోకం. ఆడమనిషిని ఆ జాబితాలో పెట్టినవాడి సలహా నేను ఏ విషయంలోనూ తీసుకోను గానీ, జనం మాత్రం ఇప్పటికీ తలూపుతారు. ఎరువు సొమ్ము బరువు చేటు అని తెచ్చుకున్నవాడి వైపు నుంచీ మనకు సామెత ఉంది. ఇన్ని హెచ్చరికలున్నా అరువు ఆగలేదంటే, ఆపితే పూట గడవని పనులు ఉన్నాయన్నమాటే. ఏడాదికొకసారి పందిరి గుంజలు కోసుకునేవాడు రంపం కొనాలా? గోడకు రెండు మేకులు దించుకోవడానికి డ్రిల్లు మిషను కొనాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు పర్లాకిమిడి వైపు చెట్లూ కరెంటు స్తంభాలూ దారుల మీద పడిపోయాయి. అలాంటి రోజున నా గొడ్డలి, నీ గొడ్డలి అని కూర్చుంటే బయటికి దారి ఉండదు. మామూలు రోజుల్లో అలవాటు లేని వీధికి తుఫాను రోజున ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

అద్దె మేలు అనేవాళ్ళున్నారు. డబ్బు మధ్యలోకి వస్తే మొహమాటం పోతుంది, మాట స్పష్టంగా ఉంటుంది. ఇందులో నిజం ఉంది. సెంట్రింగ్ రేకులు, కాంక్రీటు మిక్సర్, వైబ్రేటర్ ఇప్పుడు అద్దెకే వస్తున్నాయి, వాటిని అరువు అడిగే ఆలోచనే ఎవరికీ రాదు. కానీ అద్దె దుకాణంలోకి ఒకసారి వెళ్ళి పరకాయించి చూడండి. అక్కడ మోటు వస్తువులే ఉంటాయి. చిత్రిక ఉండదు, సన్నపళ్ళ రంపం ఉండదు. ఉలి ఉన్నా అది గోడ పగలగొట్టేది. సున్నితమైన అమరిక ఉన్న ఏ పనిముట్టూ అద్దె వ్యాపారంలో బతకదని ఆ దుకాణదారుడికి తెలుసు. ఎందుకంటే డబ్బిచ్చి తెచ్చుకున్నవాడు వస్తువును మరింత మొరటుగా వాడతాడు. సాయంత్రం ఆరు లోపల ఇచ్చేయాలి కాబట్టి వేడెక్కినా ఆపడు. ఊరికే తెచ్చుకున్నవాడికి కనీసం రేపు ఎదురుపడాలన్న జంకు ఉంటుంది. అద్దె ఆ జంకుకు వెల కట్టి తీసేస్తుంది.

ఇంకో పద్ధతి అందరి కళ్ళ ముందే ఉన్నా ఎవరూ దాన్ని అరువు కింద లెక్కవేయరు. ట్రాక్టర్ ఎప్పుడూ ఒంటరిగా పొలానికి రాదు, డ్రైవరుతో వస్తుంది. కోత మిషనూ అంతే. కేంద్ర ప్రభుత్వం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకు రాయితీలు వచ్చాయి. వాటిలోనూ మనిషితో కలిసి వెళ్ళిన యంత్రానికీ, మనిషి లేకుండా వెళ్ళిన యంత్రానికీ ఆయుష్షులో తేడా ఉంటుందని రైతులను అడిగితే చెబుతారు. సంఘం పేరున కొని, ఎవరి చేతికి దొరికితే వాళ్ళు పట్టుకుపోయే పరికరం గురించి చెప్పాలంటే ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత చాలు. యంత్రంతో పాటు దాని మర్మం తెలిసిన మనిషి వెళ్ళడమే అసలు కిటుకు. చేతి పనిముట్లకు అది కుదరదు. నా ఉలి వెంట నేను వెళ్ళలేను. నా మాట వెళ్ళగలదు.

మాట వెళ్ళకపోతే ఏమవుతుందో మా బావ పత్తి చేనులో చూశాను. రాయగడ జిల్లాలో ఈ వైపంతా పత్తి బాగా వేస్తారు. బావ తన స్ప్రేయర్ మోటారు పోతే పక్క ఊరి బంధువు దగ్గర 16 లీటర్లది తెచ్చుకుని పురుగు మందు కొట్టాడు. కొద్ది రోజుల్లో లేత ఆకులు మారిపోయాయి. పత్తి ఆకు అరచెయ్యి వెడల్పున విచ్చుకోవాలి. ఇవి సన్నగా, పొడుగ్గా చీలి, బెండాకుల్లా వచ్చాయి. ఈనెలు ఒకదానికొకటి దగ్గరగా జరిగి గీతల్లా తేలాయి. మొదట తెగులన్నాడు ఒకాయన, విత్తనం కల్తీ అన్నాడు మరొకాయన. దుకాణంవాడు ఇంకో మందు అమ్మాడు, అది వాళ్ళ వృత్తి ధర్మం. అసలు కారణం డబ్బాలో ఉంది. ఆ బంధువు అంతకుముందు వరి చేలో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొట్టాడు. వరికి ఏమీ కాని ఆ మందు పత్తికి విషం. డబ్బాను ఒకసారి నీళ్ళతో తొలిపితే పోదు, గొట్టంలో, వడపోత జాలీలో, నాజిల్‌లో మిగిలే ఆ కాస్తే చాలు. పలుమార్లు కడగాలి, అమ్మోనియా కలిపిన నీళ్ళు రాత్రంతా ఉంచాలి. అన్నిటికన్నా మేలు కలుపు మందుకు వేరే డబ్బా పెట్టుకోవడం.

ఇక్కడ అరువు తెచ్చుకున్నవాడు వస్తువును పాడు చేయలేదు. అరువు వస్తువే తెచ్చుకున్నవాడి పంటను పాడు చేసింది. బంధువుకు 2,4-డి కొట్టిన సంగతి గుర్తుంది. అడగని వివరం చెబితే ఇవ్వడం ఇష్టం లేక సాకు చెబుతున్నానని అనుకుంటారేమోనన్నాడు తర్వాత. అక్షరాలా అవే మాటలు. నా వాదన అంతా అతని నోట్లోనే ఉంది.

ఈ గొడవ తర్వాతే తెలిసిన వకీలు ఒకాయన 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చూడమన్నారు. అరువుతో సహా ఒకరి వస్తువు మరొకరి చేతికి వెళ్ళడం గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది, 148వ సెక్షన్ నుంచి మొదలవుతుంది. 150వ సెక్షన్ ప్రకారం ఇచ్చేవాడు తనకు తెలిసిన లోపాన్ని చెప్పి తీరాలి, చెప్పకపోతే దానివల్ల నేరుగా కలిగిన నష్టం అతనిదే. ఉదాహరణగా పొగరుబోతు గుర్రాన్ని ఆ సంగతి చెప్పకుండా అరువిచ్చినవాడిని చూపించారు. ఎక్కినవాడు కింద పడితే బాధ్యత గుర్రం యజమానిదే. అద్దెకిచ్చేవాడి మీద ఇంకా ఎక్కువ భారం: లోపం తనకు తెలియకపోయినా బాధ్యుడే. పొగరుబోతు గుర్రం స్థానంలో కలుపు మందు డబ్బాను పెట్టి చదువుకోండి, సరిగ్గా సరిపోతుంది. బావ కోర్టుకు వెళ్తాడని కాదు, మేనరికాలున్న కుటుంబాల్లో ఎవరు వెళ్తారు? కానీ చెప్పకపోవడం మర్యాద కాదు, తప్పు అని నూటయాభై ఏళ్ళ కిందటే రాసిపెట్టారని తెలిశాక నాకు నోరు లేచింది.

తీసుకున్నవాడి వైపు 151వ సెక్షన్ ఉంది. సాధారణ వివేకం ఉన్న మనిషి అలాంటి పరిస్థితిలో తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. "నా వస్తువులాగే చూసుకుంటానండీ" అని చాలామంది నాకు భరోసా ఇస్తుంటారు. నా భయమూ అదే. వాళ్ళ సొంత గొడ్డలి వానలో తడుస్తూ పెరట్లో పడి ఉండడం నేను చూశాను. చట్టం అడిగేది ఆయన సొంత అలవాటును కాదు, వివేకం ఉన్నవాడి అలవాటును. 154లో మళ్ళీ ఒక గుర్రం వస్తుంది. నువ్వొక్కడివే ఎక్కు అని ఇస్తే, తెచ్చుకున్నవాడు తన ఇంట్లో మనిషిని ఎక్కించాడు. ఎక్కినవాడు జాగ్రత్తగానే నడిపినా గుర్రం ప్రమాదవశాత్తు పడి గాయపడింది. తెచ్చుకున్నవాడే నష్టం కట్టాలి. నా పెద్ద డ్రిల్లు ఇలాగే ఒకరికిస్తే వాళ్ళ బావమరిది ద్వారా ఊరి బయట కట్టే ఇంటికి చేరింది. అక్కడ సన్నని తీగతో చాలా దూరం నుంచి కరెంటు లాగారు. పొడవాటి సన్నతీగలో వోల్టేజీ పడిపోతుంది, మోటారు నెమ్మదిస్తుంది, దానితో పాటే తిరిగే లోపలి పంకా కూడా నెమ్మదించి గాలి చాలదు. అప్పుడు కాంక్రీటు మీద ఒత్తిపడితే వైండింగ్ కాలుతుంది. అలాగే కాలింది. "మంచి కంపెనీదే కదా, ఎందుకు కాలిందో" అని ఆశ్చర్యపోయారు, నా బదులు వాళ్ళే.

కాబట్టి ఇప్పుడు నేను ఇచ్చేటప్పుడు మాట్లాడతాను. ఎక్కడ వాడతారు, ఎవరు వాడతారు, ఏ రోజు ఇస్తారు అని అడుగుతాను. పాత కర్ర అయితే మేకులున్నాయో లేదో చూసుకోమంటాను. చిత్రికను పక్కకు పడుకోబెట్టమని, అడుగు నేల మీద ఆనించొద్దని చేత్తో చూపిస్తాను. విరిగితే విరిగిందని చెప్పండి, కోప్పడను, దాచొద్దు అంటాను. రంపం, ఉలి ఏవి తీసుకువెళ్ళినా పదునుకు ఇంత అని ముందే చెబుతాను. అది అద్దె కాదు, వాడితే పోయే పదునుకు కూలి. గడ్డపారకు, పారకు, నిచ్చెనకు ఇవేవీ లేవు, అవి ఎవరైనా తీసుకుపోవచ్చు. గ్రైండరు మాత్రం ఎవరికీ ఇవ్వను. నిమిషానికి 10 వేల చుట్లకు పైగా తిరిగే బిళ్ళకు ఉన్న రక్షణ రేకును, అడ్డంగా ఉందని మొదటి నిమిషంలోనే విప్పి పక్కన పెడతారు. వేళ్ళ విషయంలో నాకు మొహమాటం లేదు.

అరువుకని పాతవీ మొద్దుబారినవీ వేరుగా పెట్టుకోమని తోటి వడ్రంగులు సలహా ఇస్తారు. చాలామంది చేసేదీ అదే. నాకు నచ్చదు. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన ఉలి జారుతుంది, జారిన ఉలి ఎడమ చేతిలో దిగుతుంది. పైగా చెడ్డ పనిముట్టు ఇచ్చి మంచిగా చూసుకోమనడం ఏమి న్యాయం? వచ్చినప్పుడే పళ్ళూడిన రంపాన్ని ఎవరైనా ఎందుకు గౌరవిస్తారు?

గౌరవం అంటే గుర్తొచ్చింది. సరిహద్దులో ఉన్నందుకు మా పనిముట్లకు ఏటా రెండు పూజలు. సెప్టెంబరు 17 ప్రాంతంలో ఒడియావాళ్ళతో పాటు విశ్వకర్మ పూజ, దసరాకు మన ఆయుధపూజ. ఆ రోజుల్లో వాటిని ముట్టుకోనివ్వరు, అడిగేవాడూ ఉండడు. కుంకుమ బొట్టు ఆరకముందే మర్నాడు అదే ఉలితో రంగు డబ్బా మూత లేపుతారు, మా దుకాణంలో కుర్రాళ్ళు కూడా.

నా పద్ధతి వల్ల అందరూ సంతోషించారని చెప్పను. 159వ సెక్షన్ ప్రకారం ఊరికే ఇచ్చిన వస్తువును గడువు కంటే ముందే వెనక్కి అడగవచ్చు, కాకపోతే దానివల్ల తెచ్చుకున్నవాడికి అతను పొందిన లాభాన్ని మించిన నష్టం వస్తే ఆ తేడా మనం భరించాలి. ఈ సంగతి నేను ఉత్సాహంగా ఒకరిద్దరికి చెప్పబోయి వాళ్ళ మొహాలు చూసి ఆపేశాను. చట్టం అరుగు మీద చెప్పే కబురు కాదు. కొందరు రావడం మానేశారు. తమ్ముడికి అది లాభంగానే కనిపిస్తోంది. మా వీధి చివరి పెద్దాయన ఒకరు, నాన్నగారి రోజుల నుంచి మా రంపమే వాడినవారు, "సొంతవాళ్ళ దగ్గర కూడా షరతులేనా బాబూ" అని నొచ్చుకుని సంతలో చవక రంపం ఒకటి కొనుక్కున్నారు. అది ఒక వానాకాలం గడిచేసరికి మొద్దుబారింది. ఇప్పుడు పదునుకు నా దగ్గరికే తెస్తున్నారు. నేను కూలి చెబుతాను, ఆయన అందులో సగానికి బేరం ఆడతారు. అక్కడ మాత్రం ఆయనకు ఏ మొహమాటమూ లేదు.